నీళ్లు కలపని రామ్‌చందర్

ముందు పట్టీల చప్పుడు వస్తుంది. మనిషి ఇంకా కనబడదు.

ఎవరు మెట్లు దిగినా అడుగుకు రెండు సార్లు మోగుతాయి పట్టీలు. మునివేళ్లు ఆనినప్పుడు ఒకసారి, మడమ ఆనినప్పుడు ఇంకోసారి. ఈ చప్పుడులో రెండోది లేదు. ఒక గల్లు, ఒక ఖాళీ. మళ్లీ ఒక గల్లు, మళ్లీ ఒక ఖాళీ. ఎవరో ఒక మాటను సగం చెప్పి, మిగతా సగం నోట్లోనే దాచుకుని దిగి వస్తున్నట్టు.

కింద పాల దుకాణంలో రామ్‌చందర్ చేయి ఆగిపోతుంది. గిరాకీ ఎదురుగా గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నా సరే, ఆ చప్పుడు చివరి మెట్టు దాటేదాకా పాలు పొయ్యడు. తర్వాత తలుపు దగ్గర పూజిత కనబడుతుంది. పద్నాలుగేళ్ల పిల్ల. మునివేళ్ల మీద నిటారుగా, మోచేతులు వంచుకుని, ఎవరో భుజాలు పట్టి పైకెత్తి నడిపిస్తున్నట్టు వస్తుంది. "బాపూ" అంటుంది. ఆ రెండక్షరాలు నోరు దాటడానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాస్తసేపూ అతను తల దించుకుని ఉంటాడు.

రామ్‌చందర్ తల దించుకోవడం కిషన్‌బాగ్‌లో కొత్త. ఆ గల్లీలో అతనికి ఇంటిపేరుతో పని లేదు. నీళ్లు కలపని రామ్‌చందర్ అంటే చాలు, రిక్షా తెచ్చి దుకాణం ముందే ఆపుతారు. తండ్రి రామలింగయ్య రెండు బర్రెలతో మొదలుపెట్టిన కొట్టంలో ఇప్పుడు తొమ్మిది ఉన్నాయి. ముందు దుకాణం, వెనక కొట్టం, పైన రెండు గదులు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి పాలు పిండడం. పాలు పోసే బల్ల మీద ఎప్పుడూ ఒక పొడుగాటి గ్లాసు, అందులో లాక్టోమీటరు. మెడ మీద గీతలున్న గాజు గొట్టం. అసలు పాలల్లో వదిలితే ముప్పై గీత దాకా పైకి తేలి నిలబడుతుంది. నీళ్లు కలిసిన పాలల్లో సిగ్గుపడ్డట్టు మునిగిపోతుంది. గిరాకీ అడగకపోయినా అతను చూపిస్తాడు.

"చూడుండ్రి పురుషోత్తం సాబ్. ముప్పై. నా కండ్లతోని కాదు, మీ కండ్లతోని చూడుండ్రి."

"రోజూ ఇదే సినిమానా?" అనేవాడు పురుషోత్తం. ఏదో దఫ్తర్లో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. "ఇంటర్వెల్ కూడ లేకపాయె. పొయ్యవయ్యా, చాయకు లేటయితున్నది."

ఎదురింటి ఖాలా ఇంకో మెట్టు ఎక్కేది. "తుమారే దూద్ మే చమ్చా ఖడా రహతా, భాయ్!" అని చెంచా నిలబెట్టినట్టు చేత్తో చూపించేది. ఆ పూటకు రామ్‌చందర్‌కు అన్నం అక్కర్లేదు.

చిక్కన. అతని మెప్పు అంతా ఆ ఒక్క మాటలో ఉండేది. మంచి చాయ చిక్కన. మంచి సున్నం చిక్కన. మంచి దోస్తీ చిక్కన. తన పెళ్లిని కూడా అదే మాటతో చెప్పేవాడు. సొంత అక్క నాగమణమ్మ కూతురు పుష్పమ్మనే చేసుకున్నాడు. "ఇంటి పిల్ల ఇంట్లనే ఉంటది, నెత్తురు చిక్కగుంటది" అని అక్కే ముడిపెట్టింది. పుష్పమ్మ పెళ్లికి ముందూ అతన్ని మామా అనే పిలిచింది, తర్వాతా మామా అనే పిలుస్తున్నది. నాగమణమ్మ వాళ్లతోనే ఉంటుంది. ఒకే మనిషి అక్కగా కసురుతుంది, అత్తగా అన్నం వడ్డిస్తుంది.

పూజితకు ఎనిమిదేళ్లప్పుడు బస్తీలో రక్త పరీక్షల క్యాంపు పెట్టారు. పిల్లలందరి వేళ్లూ గుచ్చారు. పూజిత వంతు రాగానే ఆ పరీక్ష చేసే అబ్బాయి మిషన్ను అరచేత్తో తట్టాడు. ఇంకో వేలు గుచ్చాడు.

"హిమోగ్లోబిన్ పందొమ్మిది పాయింట్ రెండు" అన్నాడు. "ఈ ఈడు పిల్లలకు పన్నెండో పదమూడో ఉంటది. ఇంత ఉండొద్దు. పెద్ద దవాఖానల చూపియ్యుండ్రి." చీటీ రాసి ఇచ్చాడు.

రామ్‌చందర్ చెవిలో పడింది అంకె ఒక్కటే. జీవితమంతా గీతల గొట్టం చూసి బతికినవాడు. అంకె పైకి పోతే అసలు సరుకు, కిందికి పోతే కల్తీ. అంతకు మించి అతనికి తెలిసిన అంకెల ధర్మం లేదు. ఆ చీటీని తీసుకుపోయి దుకాణంలో దేవుని పటం కింద అతికించాడు.

"మా బిడ్డ నెత్తురు పందొమ్మిది! బస్తీ మొత్తంల ఎవ్వలికి లేదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. "మన ఇంట్ల నీళ్లు కలువయి సాబ్, పాలల్ల గని, నెత్తుట్ల గని."

ఆ చీటీ నాలుగేళ్లు అక్కడే ఉంది. అగరుబత్తి పొగకు అంచులు పచ్చబడ్డాయి.

క్యాంపు జరిగిన మరుసటేడే పూజిత మడమలు నేలను విడిచిపెట్టాయి. మొదట ఎవరూ పట్టించుకోలేదు. చెప్పులు కొనబోతే దుకాణంవాడు పాత జత తిప్పి చూసి నవ్వాడు. ముందు భాగం కాగితంలా అరిగిపోయింది, మడమ దగ్గర అచ్చువేసిన అంకె కూడా చెరగలేదు. "ఏం చెల్లె, ఎగురుకుంట పోతవా బడికి?" అన్నాడు. గల్లీ పిల్లలు అంత ముద్దుగా అనలేదు. పుంజు అన్నారు. కోడిపుంజు వచ్చిందిరా అని చేతులు రెక్కల్లా ఆడించారు.

రామ్‌చందర్ ఆ పిల్లల్ని కసిరేవాడు. కసిరి, కూతురు వైపు తిరిగి, వాళ్లకన్నా గట్టిగా అరిచేవాడు. "మడిమె!"

ఫోన్లో చూసి నేర్చుకున్న స్టైలు అనుకున్నాడు. "ఏంది ఆ నడక? సదర్ పండుగల దున్నపోతు ముందుకాళ్లు ఎత్తి లేచినట్టు లేస్తున్నవు. మడిమె ఆనియ్యి!" పూజిత బలమంతా పెట్టి మడమలు దించేది. మొహం ఎర్రబడేది. రెండడుగులకు మళ్లీ లేచిపోయేవి. ఒకసారి ఫలక్‌నుమాలో చుట్టాల పెళ్లికి పోతూ, ఫంక్షన్ హాలు గేటు దగ్గర, అందరూ చూస్తుండగా రెండు భుజాల మీదా చేతులు వేసి కిందికి నొక్కాడు. మేకు దిగేసినట్టు. పిల్ల ఏడవలేదు.

"నేల వద్దంటున్నది బాపూ" అన్నది.

అతను నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ అతనికి వినబడుతుంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయిన తర్వాత మిగిలే వాసనలా, ఎంత కడిగినా పోదు.

పదకొండేళ్లకు మాట ముద్దగా మారింది. అక్షరాలు గీతలు దాటి పేజీ అంచుకు జారిపోయాయి. కాళ్ల డాక్టరు దగ్గరికి పోయారు, ఎముకల డాక్టరు దగ్గరికి పోయారు, దర్గాలో తాయెత్తు కట్టించారు. చివరికి పన్నెండో ఏట మూసీ అవతల పెద్ద దవాఖానలో, మెదడు, నరాల జబ్బులు చూసే డాక్టర్ వీణ దగ్గర తేలింది.

ఆమె తలకు తీసిన ఫిల్మును లైటుకు ఆనించి చూపించింది. బూడిదరంగు మెదడు. సరిగ్గా నడిమధ్యలో, రెండు వైపులా, రెండు తెల్లటి మెరుపులు. చీకటి గదిలో ఎవరో రెండు దీపాలు ఆర్పడం మరిచిపోయినట్టు.

"ఆ మెరిసేది మాంగనీసు" అన్నది. "ఇనుములాగే అదొక లోహం. మనం తినే ప్రతి దాంట్లో కొద్దిగా ఉంటుంది. ఒంటికి రవ్వంత కావాలి. మిగిలింది లివరు బయటికి తోసేస్తుంది. మీ పాపకు ఆ తోసే పని జరగడం లేదు. పుట్టుకతోనే. అందుకే లోపలే పేరుకుంటోంది, ముందు లివర్లో, తర్వాత మెదడులో. నడకనూ చేతినీ మాటనూ సాఫీగా నడిపించే చోటు ఉంటుంది చూడండి, సరిగ్గా అక్కడ దిగుతుంది." ఫిల్ము దించి అడిగింది. "మీది మేనరికమా?"

పుష్పమ్మ తన అరచేతులు చూసుకున్నది. నాగమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేనే చేసిన" అన్నది.

"తప్పు మీది అనడం లేదమ్మా. ఇటువంటి లోపం ఒకవైపు నుంచే వస్తే ఏమీ కాదు, తెలియను కూడా తెలియదు. రెండు వైపులా వస్తేనే జబ్బు. ఒకే ఇంట్లో పెళ్లయితే రెండు వైపులా ఉండే అవకాశం ఎక్కువ. అంతే."

రామ్‌చందర్ అప్పుడు ఏదో ఒక మంచిమాట తన వైపునుంచి చెప్పాలనుకున్నాడు. "నెత్తురు మాత్రం మస్తుగున్నది మేడం. చిన్నప్పుడే పందొమ్మిది" అన్నాడు.

డాక్టర్ వీణ పెన్ను కింద పెట్టింది. "అప్పుడే తెలుసా మీకు?"

"చీటీ కూడ ఉన్నది."

"అది బలం కాదు. మాంగనీసు పేరుకుంటే, ఒంటికి గాలి సరిపోవడం లేదని శరీరం మోసపోతుంది. మోసపోయి, అవసరం లేని రక్తం తయారుచేస్తుంది. ఈ జబ్బుకు అదే మొదటి గుర్తు. ఆ రోజే తీసుకొచ్చి ఉంటే..." వాక్యం పూర్తి చెయ్యలేదు. పూజిత మొహం చూసి ఆపేసింది.

ఆ సాయంత్రం రామ్‌చందర్ దేవుని పటం కింది చీటీని గోటితో గీకి తీశాడు. సగమే వచ్చింది. మిగతా సగం గోడకే అంటుకుని ఉండిపోయింది.

మందు మొదలైంది. నెలకు ఐదు రోజులు దవాఖానలో డ్రిప్పు. అందులోని మందు మాంగనీసును పట్టుకుని మూత్రంలో బయటికి తీసుకుపోతుందన్నారు. నువ్వులు, లవంగాలు, జీడిపప్పు తినొద్దన్నారు. నాగమణమ్మ నువ్వుల లడ్డూల డబ్బా అప్పటికప్పుడు పక్కింటికి ఇచ్చేసింది, డబ్బా కూడా వాపసు అడగలేదు. వీటితోపాటు ఒక గోళీ, రోజూ పొద్దున. ఐరన్ గోళీ.

పొద్దున మొదటి పిండుడు కాగానే రామ్‌చందరే తన చేత్తో ఇచ్చేవాడు. రెండు నెలలు ఇచ్చాడు. ఆ రెండు నెలల చివర ఒక రోజు పూజిత ఎడమ మడమ అరక్షణం నేలకు తాకింది. పుష్పమ్మ చూసింది. తాకిందని చెబితే ఎక్కడ ఎగిరిపోతుందోనని ఎవరికీ చెప్పలేదు.

ఆ వారంలోనే అతనికి అనుమానం పుట్టింది. ఈ గోళీ అతనికి తెలుసు. పుష్పమ్మ కడుపుతో ఉన్నప్పుడు నెత్తురు తక్కువుందని అంగన్‌వాడీలో ఇచ్చింది ఇదే. బస్తీలో పాలిపోయిన ప్రతి ఆడపిల్లకూ ఇచ్చేది ఇదే. నెత్తురు లేనివాళ్లకు ఇచ్చే గోళీ, నెత్తురు ఎక్కువై జబ్బు చేసిన పిల్లకు ఎందుకు? అసలే చిక్కగా ఉన్నదాన్ని ఇంకా చిక్కబరచడం ఎందుకు? మేడం వంద మందిని చూస్తుంది, చెయ్యి అలవాటుగా రాసి ఉంటుంది.

అడిగితే తేలిపోయేది. ఒక్క మాట. కానీ పందొమ్మిది అని గొప్పగా చెప్పి, ఆ గదిలో ఆమె పెన్ను కింద పెట్టిన చప్పుడు అతని చెవిలోంచి ఇంకా పోలేదు. మళ్లీ ఆమె ముందు నిలబడి ఇంకో తెలివితక్కువ ప్రశ్న అడగడానికి నోరు రాలేదు.

"మేడం ఈ గోళీ బంద్ చేయమన్నది బిడ్డా" అని పూజితకు చెప్పాడు. పుష్పమ్మకు ఏమీ చెప్పలేదు.

గోళీలు మాత్రం ప్రతి నెలా దవాఖాన కిటికీలోంచి వస్తూనే ఉన్నాయి. మందును పారెయ్యడానికి అతనికి మనసొప్పలేదు. కొట్టంలో ఒక బర్రె అప్పుడే ఈనింది. నెత్తురు చాలా పోయి, కళ్లు లోపలికి పోయి, మేత ముట్టకుండా నిలబడి ఉంది. రామ్‌చందర్ గోళీలు దంచి తవుడులో కలిపి దాని ముందు పెట్టాడు.

నెల తిరగకుండా బర్రె నిగనిగలాడింది. పాలు పెరిగాయి, వెన్న పెరిగింది. "ఏమయ్యా, కొత్త బర్రెను తెచ్చినవా?" అని పురుషోత్తం అడిగాడు.

"తవుడు మార్చిన సాబ్" అని రామ్‌చందర్ మీసం తుడుచుకున్నాడు.

ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో అరక్షణం ఆనిన మడమ మళ్లీ లేచిపోయింది. పూజిత కుడిచేతి వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి. పెన్ను పడిపోయేది, వంగి తీసుకునేది, మళ్లీ పడిపోయేది. కొన్నాళ్లకు వంగడం మానేసింది.

ఆ నెల డ్రిప్పుకు పోయినప్పుడు డాక్టర్ వీణ రిపోర్టు చాలాసేపు చూసింది. పూజిత చేతి మీద నరం దొరక్క నర్సు మూడు చోట్ల గుచ్చి ఉంది. మూడు దూది ఉండలు.

"నాకు అర్థం కావడం లేదు" అన్నది. "ఈపాటికి సగానికి దిగాలి. నా దగ్గర ఈ జబ్బుతో ఇంకో ఇద్దరు పిల్లలున్నారు, వాళ్లకు దిగింది. ఈమెకు దిగలేదు. పని చెయ్యని మందు కోసం ఇట్లా గుచ్చి గుచ్చి ఏడిపించడం న్యాయం కాదు. వచ్చే నెల నుంచి డ్రిప్పు ఆపేద్దామనుకుంటున్నా."

"ఆపితే?" పుష్పమ్మ అడిగింది.

"ఉన్నది ఉన్నట్టు ఉండదమ్మా. పెరుగుతుంది." కాగితాలు తిప్పుతూ అడిగింది. "ఐరన్ గోళీలు రోజూ వేస్తున్నారు కదా?"

"రోజు ఏస్తున్నం మేడం" అన్నాడు రామ్‌చందర్. "ఒక్క దినం తప్పలే."

పుష్పమ్మ అవునన్నట్టు తలూపింది, నమ్మి. పూజిత మెడ తిప్పింది. ఆ మెడ తిరగడానికి కష్టపడుతుంది, తలుపు బందు తుప్పు పట్టినట్టు ఆగి ఆగి తిరుగుతుంది. తిరిగాక, చూపు తండ్రి మొహం మీద ఆగింది. మేడం బంద్ చెయ్యమన్నదన్న మాట అబద్ధమని ఆ పిల్లకు ఆ క్షణంలోనే తెలిసింది. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

బయటికి వచ్చారు. పుష్పమ్మ మందుల కిటికీ దగ్గరికి పోయింది. తండ్రీ కూతురూ గేటు పక్కన సిమెంటు అరుగు మీద కూర్చున్నారు. ఎండ. ఆటోలు హారన్లు కొడుతున్నాయి. రామ్‌చందర్ మొలకల పొట్లం కొనిస్తానన్నాడు, వద్దన్నది. పండ్ల రసం అన్నాడు, వద్దన్నది.

"బా...పూ."

"చెప్పు బిడ్డా."

పూజిత పెదవులు ఒకదాన్ని ఒకటి వెతుక్కున్నాయి. "నీళ్లు... కలిపినవ్."

గొంతులో కోపం లేదు. రీడింగు చదివి చెప్పినట్టు చెప్పింది.

యాభై ఏళ్ల మనిషి ఆ అరుగు మీద మునిగిపోయాడు. గీతలన్నీ దాటి, గాజు గొట్టం గ్లాసు అడుగుకు తాకినట్టు. అంతకు ముందు ఎవరైనా ఆ మాట అని ఉంటే చొక్కా గల్లా పట్టుకునేవాడు. ఇప్పుడు పట్టుకోవడానికి తన గల్లానే ఉంది.

లేచాడు. ఎదురుగా పుష్పమ్మ మందుల సంచితో వస్తోంది. సంచిలో పైనే, ఈ నెల ఐరన్ గోళీలు.

"ఏడికి మామా? బస్సు అటు గాదు."

"మేడంకు ఒక మాట చెప్పాలె. మీరిద్దరు గూడ రాండ్రి."

ఓపీ గది ముందు ఇస్సాకు కుర్చీలు పేర్చుతున్నాడు. ఆ వార్డులో పదేళ్లుగా పనిచేస్తున్న మనిషి, ప్రతి నెలా వచ్చేవాళ్లందరూ అతనికి తెలుసు. "ఓపీ ఖతం అన్నా. రేపు రా" అన్నాడు.

"రేపటికి నాకు ధైర్యం ఉండది భాయ్" అన్నాడు రామ్‌చందర్. ఇస్సాకు కుర్చీ దించేసి పక్కకు జరిగాడు.

డాక్టర్ వీణ సంచి భుజానికి వేసుకుని బయటికి వస్తోంది. వరండాలో ఇంకా పది పదిహేను మంది ఉన్నారు. గదిలోకి పోయి మాట్లాడదామని కూడా అతనికి తోచలేదు.

"ఇంతకుముందు మీకు అబద్ధం చెప్పిన మేడం. బిడ్డకు ఐరన్ గోళీలు ఇయ్యలే. ఏడు నెలలాయె."

పుష్పమ్మ సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మారింది.

"ఇవ్వలేదా? మరి ప్రతి నెలా తీసుకుపోతున్నారు కదా. ఏం చేశారు, పారేశారా?"

పారేశాను అంటే సరిపోయేది. అది చిన్న సిగ్గు. నోటిదాకా వచ్చింది కూడా. పక్కన పూజిత మునివేళ్ల మీద ఊగుతూ నిలబడి ఉంది, గోడకు ఒక వేలు ఆనించి.

"బర్రెకు పెట్టిన."

"దేనికి?"

"బర్రెకు మేడం. ఈనింది, నెత్తురు లేకుండె. తవుడుల కలిపి..."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరండా పొడుగునా పోయింది. చీటీల కిటికీ దగ్గరి మనిషి "క్యా బోలా?" అని పక్కవాణ్ని అడిగి, విని, తనూ నవ్వాడు. పుష్పమ్మ నవ్వలేదు. "మామా" అన్నది, ఊపిరి అంత చిన్న గొంతుతో. "బర్రెకా?"

డాక్టర్ వీణ కూడా నవ్వలేదు. బెంచీ మీద కూర్చుంది. "ఎందుకు ఆపారు?"

"నెత్తురు ఎక్కువున్నదన్నరు గద. ఎక్కువున్నదానికి ఐరన్ ఎందుకని..."

"నన్ను అడగొచ్చు కదా?"

"సిగ్గయింది మేడం."

"ఇనుమూ మాంగనీసూ పేగులోంచి ఒంట్లోకి పోయే దారి ఒక్కటే. మీ దుకాణం ముందు పొద్దున్నే లైను ఉంటుంది కదా? ఇనుము ముందు నిలబడితే మాంగనీసుకు లోపల జాగా దొరకదు. ఇనుము లేకపోతే అదే ముందుకు వస్తుంది. మేం డ్రిప్పుతో ఒక తలుపులోంచి తీస్తుంటే, ఇంకో తలుపులోంచి అది లోపలికి పోతూనే ఉంది. ఇంకో మాట. అది దిగితే నెత్తురు కూడా దానంతటదే మామూలుకు వచ్చేది." భుజం మీది సంచి దించింది. "ఇదంతా మొదటిరోజే చెప్పి ఉండాల్సింది. రాసి ఇచ్చాను గాని, ఎందుకో చెప్పలేదు."

తన సంచిలోంచి పెన్ను తీసి, పూజిత ఫైలు అడిగి తీసుకుని, ఒక గీత కొట్టి ఏదో రాసింది.

"ఏం రాసిండ్రు మేడం?" పుష్పమ్మ అడిగింది.

"మందు పని చెయ్యలేదు అని రాశాను ఇందాక. అది కొట్టేశాను. మందు అందలేదు అని రాశాను. డ్రిప్పు ఆపడం లేదు."

"ఆ ఏడు నెలలల్ల పోయింది..." రామ్‌చందర్ అడగబోయి ఆగాడు.

"ఎంత తిరిగొస్తుందో నేను చెప్పలేను" అన్నది డాక్టర్ వీణ. అబద్ధం కలపకుండా చెప్పింది.

బస్సులో పుష్పమ్మ, పూజిత ఆడవాళ్ల సీట్లో కూర్చున్నారు. మూసీ వంతెన మీద గాలికి పుష్పమ్మ కొంగు ఎగిరి వెనక నిలబడ్డ అతని చేతికి తగిలింది. ఆమె కొంగు లాక్కున్నది. పదకొండు రోజులు మామా అని పిలవలేదు. నాగమణమ్మ తమ్ముణ్ని కసరలేదు. కంచంలో అన్నం పెట్టి, పక్కన కూర్చుని, "మనిద్దరం ఒక్క కడుపుల పుట్టినోళ్లం గద, తెలివి గూడ ఒక్కతీరుగనే వచ్చింది" అన్నది. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే అతను అన్నం కలుపుతూ కూర్చున్నాడు, చాలాసేపు, కలిపిందే కలుపుతూ.

మర్నాడు పొద్దున పుష్పమ్మ గోళీ తన చేత్తో ఇవ్వబోయింది. పూజిత నోరు మూసుకుంది. కిందికి వేలు చూపించింది. మెట్లు దిగి, దుకాణంలో గిరాకీ ఉండగానే తండ్రి ముందు చెయ్యి చాపింది. పుష్పమ్మ వెనకే తెచ్చిన గోళీని అతను ఆ చేతిలో పెట్టాడు. మింగింది. నోరంతా తెరిచి, నాలుక పైకెత్తి ఖాళీ నోరు చూపించింది.

"ముప్పై" అన్నది.

పాలకు వచ్చిన పురుషోత్తానికి అర్థం కాలేదు. రామ్‌చందర్ అప్పుడే, అక్కడే, గిన్నెలో పాలు పోస్తూ మొత్తం చెప్పాడు. తవుడు మార్చానన్న అబద్ధంతో సహా. రోజూ ఏదో ఒక మాట విసిరే పురుషోత్తం ఆ రోజు ఏమీ విసరలేదు. గిన్నె మీద మూత పెట్టుకుని, "రేపు ఒక పావు ఎక్కువ పొయ్యి" అని మాత్రం అని పోయాడు. గల్లీ అంత మర్యాదగా ఊరుకోలేదు. పుంజు అన్న పిల్లలే ఇప్పుడు రామ్‌చందర్ వెనక బర్రెలా అరుస్తారు. అతను కసరడు. దవాఖానలో ఇస్సాకు ప్రతి నెలా అడుగుతాడు, "బర్రె ఖైరియత్ ఉన్నదా అన్నా?" అని. "ఉన్నది భాయ్, మీ దయ" అంటాడు రామ్‌చందర్. ఇస్సాకు నరం తొందరగా దొరికే నర్సును వెతికి తీసుకొస్తాడు.

లాక్టోమీటరు ఇంకా బల్ల మీదే ఉంది. గ్లాసు మాత్రం ఖాళీ. అడిగినవాళ్లకు చూపిస్తాడు, అడగనివాళ్లకు చూపించడం మానేశాడు.

పద్నాలుగు నెలలైంది. మాంగనీసు సగానికి దిగింది. నెత్తురు పద్నాలుగుకు వచ్చింది. మాట కొంచెం తేటపడింది, రాత్రి పగలు తేడాగా కాదు, పొగమంచు ఒక పొర తీసినంత. కుడిచేతి వేళ్లు మాత్రం తెరుచుకోలేదు. పరీక్షల్లో ఆమె చెబుతుంటే ఇంకొకరు పక్కన కూర్చుని రాస్తారు. ఆ వేళ్లలో ఉన్నవి తన ఏడు నెలలని రామ్‌చందర్‌కు తెలుసు. గోళీ పెట్టేటప్పుడు ఎడమ అరచేతిలో పెడతాడు, కుడిచేతి వైపు చూడలేడు.

ఈ మధ్య కొన్ని పొద్దుల్లో, అన్నిట్లో కాదు, చివరి మెట్టు మీద పట్టీలు రెండోసారి కూడా మోగుతాయి. ఎడమ కాలు. గల్లు, దాని వెనకే ఇంకో చిన్న గల్లు. దాచుకున్న సగం మాట జారిపడినట్టు. ఆ చప్పుడు కోసమే అతను చెయ్యి ఆపుతాడు. మోగని రోజు కూడా కాసేపు అట్లాగే ఆపి, తర్వాత పాలు పోస్తాడు.

ఇదంతా మేం కథగా రాస్తామని, కావాలంటే పేర్లు మారుస్తామని చెప్పినప్పుడు అతను గిన్నె తుడుస్తున్నాడు. వెనక కొట్టంలోంచి ఒక బర్రె అరిచింది. అటు చూసి, ఇటు తిరిగి అన్నాడు.

"నా పేరు మార్చకుండ్రి. నీళ్లు కలిపిండని రాయుండ్రి. బర్రె పేరు మాత్రం రాయకుండ్రి. దానికేం తెల్వది పాపం, పెట్టింది తిన్నది."